ఓడిపోతామేమోనన్న భయం

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజున మన ఇళ్ళలో ఒక వింత నిశ్శబ్దం అలముకుంటుంది. పిల్లవాడు భయపడేది మార్కుల మెమోకు కాదు. దాన్ని చూశాక తండ్రి ముఖం ఎలా మారుతుందోనని, బంధువుల ఫోన్లకు తల్లి ఏమని జవాబు చెబుతుందోనని. తప్పిన సబ్జెక్టును అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో అదే ఏడాది మళ్ళీ రాయవచ్చు. పోయిందనుకున్న గౌరవానికి మాత్రం ఏ బోర్డూ సప్లిమెంటరీ పెట్టదు. ఆ లోటు పూడ్చవలసింది ఇల్లే. ఫలితాల తరువాత పత్రికల్లో వచ్చే విషాద వార్తలు చదివి నిట్టూర్చే మనం, మన ఇంట ఆ పని ఏపాటి జరుగుతోందో చూసుకున్నామా?

వైఫల్య భయం చాలాసార్లు మారువేషంలో వస్తుంది. ‘మనకెందుకులే’ అన్న మాటలో అది వినయంలా కనిపిస్తుంది. ఒక్కోసారి తఖ్దీర్ పేరు చెప్పుకుని భక్తిలా కూడా కనిపిస్తుంది. దైవప్రవక్త (స) తరచుగా చేసిన ఒక దుఆలో దిగులు, దుఃఖం, అశక్తత, సోమరితనం, పిరికితనం - వీటన్నిటి నుండీ అల్లాహ్ శరణు వేడుకున్నారు. అశక్తతను, సోమరితనాన్ని అందులో వేరు వేరుగా పేర్కొనడం గమనించదగినది. సోమరికి చేయాలన్న కోరికే ఉండదు. భయగ్రస్తుడికి కోరిక ఉంటుంది, చేతులు కదలవు. ఈ రెండోవాణ్ణి మొదటివాడిగా పొరబడి మందలించడం తల్లిదండ్రులుగా మనకు అలవాటైపోయింది. దానితో భయం రెట్టింపవుతుందే తప్ప తగ్గదు.

హిజ్రీ 3వ సంవత్సరంలో జరిగిన ఉహద్ సంఘటనను ఈ దృష్టితో మరోసారి చదవాలి. శత్రుసేన వస్తున్నదని తెలిసినప్పుడు దైవప్రవక్త (స) సహచరులను సంప్రదించారు. మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలన్నది ఆయన మొగ్గు. బద్ర్‌లో పాల్గొనే అవకాశం దక్కని యువకులు బయటికి వెళ్ళి పోరాడదామని పట్టుబట్టారు. ఆయన వారి మాట మన్నించారు. తరువాత జరిగింది మనకు తెలిసినదే. కొండపై నిలిపిన 50 మంది విలుకాళ్ళలో అత్యధికులు ఆజ్ఞ మరచి కిందికి దిగారు, యుద్ధం తలకిందులైంది. ప్రియమైన పినతండ్రి హమ్‌జా (రజి)తో సహా సుమారు 70 మంది అమరులయ్యారు. స్వయంగా దైవప్రవక్త (స) గాయపడ్డారు.

ఇంతటి నష్టం తరువాత సాధారణ నాయకుడెవరైనా ఏమంటాడు? ఇక మీదట ఎవరినీ అడిగేది లేదంటాడు. అయితే ఆలి ఇమ్రాన్ సూరాలోని 159వ ఆయతులో వచ్చిన ఆదేశం వేరు: వారిని మన్నించాలి, వారి క్షమాపణకై ప్రార్థించాలి, వ్యవహారాలలో వారిని సంప్రదిస్తూనే ఉండాలి; సంకల్పించిన పిమ్మట అల్లాహ్‌పై భారం వేయాలి. తప్పును కప్పిపుచ్చలేదు సుమా. విలుకాళ్ళ అవిధేయత అదే సూరాలో స్పష్టంగా ప్రస్తావించబడింది. తప్పును తప్పన్నారు, క్షమించారు, సంప్రదింపుల నుండి మాత్రం వెలివేయలేదు.

మన ఇళ్ళలో జరిగేది దీనికి సరిగ్గా విరుద్ధం. వ్యాపారంలో ఒకసారి నష్టపోయిన తమ్ముడి మాటకు ఆ తరువాత విలువ ఉండదు. గ్రూపు ఎంపికలో పొరబడిన కూతురి అభిప్రాయం పెళ్ళి విషయంలోనూ ఎవరూ అడగరు. ఇది చూస్తూ పెరిగే చిన్నవాళ్ళు ఏం నేర్చుకుంటారు? పొరపాటు చేయకుండా ఉండాలంటే ఏదీ చేయకపోవడమే క్షేమమని.

ఈ భయం పెద్దలలోనూ ఉంది, పైగా మంచి పనుల్లోనే ఎక్కువ. నలభై దాటిన తల్లులెందరో అరబీలో ఖుర్ఆన్ చదవడం నేర్చుకోవాలని ఉన్నా, నోరు తిరగదేమోనని, పిల్లలు నవ్వుతారేమోనని ఏళ్ళ తరబడి వాయిదా వేస్తుంటారు. నైపుణ్యంతో పారాయణం చేసేవారు గౌరవనీయులైన దైవదూతల సహచర్యంలో ఉంటారని, తడబడుతూ ప్రయాసతో చదివేవారికి రెండింతల పుణ్యం ఉందని దైవప్రవక్త (స) తెలిపినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. తడబాటును క్షమించడం వేరు, దానికి ప్రతిఫలం ప్రకటించడం వేరు. ఇక్కడ ఉన్నది రెండోది.

మగ్రిబ్ తరువాత పావుగంట చాలు. పిల్లవాడి ఖాయిదా పక్కనే తల్లి తన ఖాయిదా తెరిచి కూర్చోవచ్చు. ‘ఐన్’ దగ్గర ఆమె ఆగిపోతే వాడే సరిదిద్దుతాడు, కాస్త నవ్వుతాడు కూడా. ఆమె మళ్ళీ పలకడం వాడు వింటాడు.