చేతితో కూర్చిన వాగను

రైలుకట్ట ప్రక్క నిలిచి గూడ్సుబండి పెట్టెలను లెక్కింపని బాలుడు అరుదు. ఆ కుతూహలము కొందరిని వృద్ధాప్యము వరకును విడువదు. అమెరికా దేశమున అట్టివారు ఇంటి నేలమాళిగలలో బల్లలపై చిన్న పట్టాలు పరచి, నమూనా రైళ్లను నడుపుచుందురు. వానిలో మిక్కిలి వ్యాప్తి గలది 'హెచ్.ఓ.' అను కొలత. అసలు రైలులోని 87 అడుగుల పొడవు ఇందు ఒక్క అడుగగును. పట్టాల నడిమి ఎడము 16.5 మిల్లీమీటర్లు.

ఇంజనులు ఒకటి రెండున్న చాలును. గూడ్సు వాగనులు మాత్రము పదులకొలది కావలెను. వీనిని సంపాదించుటకు రెండు మార్గములు కలవు. పూర్తిగా సిద్ధమైన వాగనును కొనుట ఒకటి. కిట్టు అనబడు విడిభాగముల పెట్టెను తెచ్చి స్వయముగా కూర్చుకొనుట రెండవది. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున అథెర్న్ సంస్థవారి నీలి అట్టపెట్టెలు ఎందరో బాలురకు తొలి కిట్లయినవి. అవి నేడు తయారగుట లేదు. కిట్లు చేయు సంస్థలు కొన్ని మిగిలియున్నను, అంగళ్లలో సిద్ధవస్తువులదే పైచేయి. కావున కిట్లు కోరువారు పాతసామగ్రి అమ్మెడి ప్రదర్శనలలో వెదకవలసివచ్చుచున్నది. మసాచుసెట్స్ రాష్ట్రమున వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డులో జనవరి మాసమున జరుగు ప్రదర్శన అట్టివానిలో పేరుగన్నది.

ఇంత శ్రమ యెందులకని అడుగువారు కలరు. సిద్ధమైన వాగను అందముగ నుండును. నిచ్చెనమెట్లు, గొట్టములు, అక్షరములు సూక్ష్మముగ అమరియుండును. చూపు మందగించినవారికి, తీరిక లేనివారికి అది మేలే. ఈ మాట కాదనరాదు. కాని కొన్న వాగను పట్టాలు తప్పినపుడు తరచుగ దాని యజమానుడు కారణ మెరుగడు, కూర్చినవాడు ఎరుగును.

కిట్టు తెరచినచో పైపెట్టె, అడుగుచట్రము, ఇనుపబరువు, చక్రముల చట్రములు రెండు, కప్లింగులు కనబడును. బరువు చాలని వాగను మలుపున పట్టాలు తప్పును. బరువు మించినచో ఇంజను లాగజాలదు. 1935లో స్థాపింపబడిన అమెరికా జాతీయ నమూనా రైల్వే సంఘము దీనికొక లెక్క సూచించినది. మొదట ఒక ఔన్సు. దానిపై పొడవున అంగుళమునకు అర ఔన్సు. 40 అడుగుల వాగనుకు నమూనా రమారమి 5½ అంగుళములు గనుక దాని బరువు 3¾ ఔన్సులు, అనగా సుమారు 106 గ్రాములు ఉండవలెను. చక్రచట్రములను బిగించు రెండు మరలలో ఒకదానిని కొంచెము వదులుగ నుంచవలెను. అప్పుడే ఎగుడుదిగుడు పట్టాలపై చక్రములన్నియు ఆనును. కప్లింగులు ఒకే ఎత్తున లేనిచో బండి నడుమ విడిపోవును. ఇట్లు ఒక్క సాయంకాలమున లెక్కయు, యంత్రజ్ఞానమును, ఓర్పును చేతివ్రేళ్లకు అలవడును.

అయినను విచారింపదగిన విషయ మొకటి కలదు. పెద్దలనేకులు తీరిక దొరకినపుడు కూర్పవచ్చునని దశాబ్దములుగా కిట్లు కొని బీరువాలలో దాచిరి. వానిలో పెక్కు ఎన్నడును తెరవబడలేదు. యజమానుని మరణానంతరము అవి అమ్ముడుపోయి, మరల వేరొకరి బీరువాను చేరుచుండును. కూర్పని కిట్టు లోభివాని ధనము వంటిది. ఉన్నదను మాటయే గాని ఒకరికిని ఉపకరింపదు.

అట్టి కిట్లు పిల్లల చేతికి అందవలెను. ప్రతి ప్రదర్శనలోను బాలబాలికలకై ఒక బల్ల ప్రత్యేకించి, పెద్దలు ప్రక్కన కూర్చుండి కూర్పు నేర్పుట ఉచితము. తొలి వాగను వంకరగ రావచ్చును; జిగురు మరకలు పడవచ్చును. ఐనను అది పట్టాలపై దొర్లి పోవునపుడు కలుగు ఆనందము అంగడిలో లభింపదు. కొన్నవానికి వస్తువు దక్కును. చేసినవానికి వస్తువును విద్యయు రెండును దక్కును.