చెవులు లేని డబ్బా

పోపు ఘాటుకి మా ఆవిడ దగ్గడం పెళ్ళయిన నాటినుంచీ వింటూనే ఉన్నాను. ఎండుమిరపకాయ నూనెలో పడుతుంది, దగ్గు వినబడుతుంది, భోజనం వేళయిందని నేను పుస్తకం మూస్తాను. ఇరవై యేళ్ళుగా ఇదే వరస.

మొన్న సెలవులకు వచ్చిన మావాడు అరచెయ్యంత డబ్బా ఒకటి తెచ్చి వంటింటి గోడకు తగిలించాడు.

"ఇంట్లో గాలి ఎట్లా ఉందో చెబుతుంది, నాన్నా!"

"అందుకు ముక్కు లేదుట్రా?" అన్నాను. తెలుగు లెక్చరర్ను గదా, మాటకు మాట సిద్ధంగా ఉంటుంది.

ఆ పూట పోపు పడగానే డబ్బామీద అంకె ఇరవైల్లోంచి లేచి మూడు వందలు దాటింది. రెండున్నర మైక్రానులు మించని నలుసుల లెక్కట అది. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయేంత సన్ననివి. ఘనపు మీటరు గాలిలో అవి రోజు సగటున 60 మైక్రోగ్రాములు మించరాదని మన ప్రభుత్వం 2009లో ప్రమాణం పెట్టింది. 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ 15 దాటవద్దంది. అది రోజు సగటు, ఇది పోపు క్షణం; నిజమే. కాని ఆ క్షణాలన్నీ ఒక్క మనిషే పీలుస్తోంది.

"ఎగ్జాస్టు ఫాను ఉందిగా, వెయ్యవేం?" అన్నాను.

"కరెంటు దండగని మీరేగా అన్నారు!"

ఇల్లు కట్టిన కొత్తలో అన్నానట. నేను మరిచాను; ఆవిడ మరవలేదు. నలభై వాట్ల ఫాను పాతిక గంటలు తిరిగితే ఒక్క యూనిట్టు!

మావాడు డబ్బాకూ ఫానుకూ వైఫైతో లంకె పెట్టాడు. అంకె అరవై దాటితే ఫాను తనే తిరుగుతుంది. దిగితే తనే ఆగుతుంది.

పడకగదిలో ఇంకో డబ్బా పెట్టాడు. ఇది బొగ్గుపులుసు వాయువును కొలుస్తుంది. ఆరుబయట పదిలక్షల పాళ్ళలో 400 పైచిలుకు ఉండే ఆ వాయువు, తలుపులు బిగించి ఏ.సి. వేసుకున్న మా గదిలో తెల్లవారేసరికి 2,000 దాటింది. మామూలు స్ప్లిట్ ఏ.సి. గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుందిగాని బయటిగాలిని తేదు. ఇప్పుడు వెయ్యి దాటగానే కిటికీలో చిన్న ఫాను తిరుగుతుంది. పోయే చల్లదనానికి పరిహారంగా ఏ.సి.ని 20 నుంచి 24కు పెంచాం. ఒక్క డిగ్రీకి సుమారు ఆరుశాతం కరెంటు ఆదా అని కేంద్రప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ లెక్క.

ఇప్పుడు భోజనం వేళయిందని ఫాను చప్పుడు చెబుతోంది. నిన్న వడ్డిస్తూ మా ఆవిడ అంది:

"ఆ డబ్బాకు చెవులు కూడా లేవుటగా!"

తెలుగు లెక్చరరుకు మాట దొరకలేదు.