కచేరీ మాటలు మనవే, వకీళ్లేరీ?

ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. అదే మాట తెలుగు కచేరీలో ‘ముద్దాయి’గా మారి నేరం మోపబడినవాడికి పేరైంది. వకీలు, వకాల్తా, జామీను, జప్తు, నకలు, దస్తావేజు మన ఇళ్లలో పుట్టి పెరిగిన మాటలే. అయినా పదో తరగతి పాసైన పిల్లవాణ్ణి ఏం చదువుతావని అడిగితే ఇంజనీరింగు అంటాడు, కంప్యూటరు అంటాడు, లేదా గల్ఫ్ వెళతానంటాడు. వకీలునవుతానన్న పిల్లవాణ్ణి ఇన్నేళ్ల ఉపాధ్యాయ వృత్తిలో నేను బహు అరుదుగా చూశాను.

వకాలత్ అంటే హత్య కేసులు, అన్నదమ్ముల తగాదాలు, అబద్ధపు సాక్ష్యాలు అని మన పెద్దల అభిప్రాయం. కానీ సామాన్య కుటుంబాన్ని కుంగదీసేది హత్య కేసు కాదు, ఆఫీసులో ఆగిన ఫైలు. పింఛను ఆగిపోతుంది. రేషన్ కార్డులో పేరు పోతుంది. బీసీ-ఇ సర్టిఫికెట్టు రాదు. ఇలాంటి చోట పనికివచ్చేదే పరిపాలనా న్యాయశాస్త్రం. అది అధికారిని మూడు ప్రశ్నలడుగుతుంది. ఈ అధికారం నీకు ఏ చట్టం ఇచ్చింది? ఉత్తర్వుకు ముందు ఎదుటివారి మాట విన్నావా? కారణం రాశావా? 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నప్పుడు సుప్రీంకోర్టు ముందుకు వచ్చినవి ఇలాంటి ప్రశ్నలే. బాధితుల మాట వినడం న్యాయంలో భాగమని 1978లో ఆ కోర్టు స్పష్టం చేసింది. అధికారి వినకపోతే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు.

మన ఇల్లందు ప్రాంతానికి దగ్గరి ఉదాహరణే చూద్దాం. 1889లో ఇక్కడ బొగ్గు తవ్వకం మొదలైంది. అప్పటి నుంచి ఎన్నో కుటుంబాలకు గనే అన్నం పెట్టింది. 2016లో సింగరేణిలో వారసత్వ ఉద్యోగాల పథకం ప్రకటించినప్పుడు కార్మికుల ఇళ్లలో ఆశలు చిగురించాయి. ఒక నిరుద్యోగ యువకుడు హైకోర్టుకు వెళ్లాడు. ప్రభుత్వరంగ ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తి కాదని, సమానావకాశం అందరి హక్కని 2017 మార్చిలో కోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది. సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. అనారోగ్యంతో నిజంగా పనికి అనర్హుడైన కార్మికుని కుటుంబానికి మాత్రం కారుణ్య నియామకాల దారి తర్వాత తెరుచుకుంది. ఆదేశం ఎంత పెద్ద చోటు నుంచి వచ్చినా దాని కింద చట్టం లేకపోతే నిలవదు. ఈ సంగతి ముందే చెప్పగలవాడు ఇంట్లో ఉంటే ఆశ ఇంత దూరం పోయేది కాదు, అప్పులూ చేసేవాళ్లం కాదు.

భూమి సంగతీ అంతే. మన చుట్టూ ఉన్న ఏజెన్సీ గ్రామాల్లో గిరిజనేతరుడు భూమి కొంటే, అమ్మినవాడు ఎవరైనా సరే, 1970 నాటి 1వ రెగ్యులేషన్ ప్రకారం ఆ బదిలీ చెల్లదు. తెల్లకాగితం మీద రాయించుకుని బిడ్డ పెళ్లికి దాచిన సొమ్ము పోసేవారు ఇది తెలుసుకోవాలి. ఆ చట్టం మనకు కష్టంగా తోచవచ్చు. కానీ కోయ సోదరుల పొలానికి అదే కంచె. మన లాభానికి అడ్డొచ్చినా న్యాయం వైపే నిలబడాలన్నది మనం పిల్లలకు నేర్పే మొదటి పాఠం. “అబ్బా, ఆ కాగితం మీద సంతకం పెట్టకండి” అని చెప్పగల కొడుకో కూతురో ఇంట్లో ఉండటం వంద కేసులు గెలవడం కంటే మేలు.

దారి మూసుకుపోలేదు. ఇంటర్ తర్వాత అయిదేళ్లు, డిగ్రీ తర్వాత మూడేళ్లు చదవాలి. లాసెట్ రాస్తే వరంగల్లులో కాకతీయ, హైదరాబాదులో ఉస్మానియా ఉన్నాయి. 1998లో స్థాపించిన నల్సార్‌లో అయిదేళ్ల కోర్సుకు క్లాట్ రాయాలి. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు చట్టంలో ఉన్న రుసుము కంటే ఎక్కువ వసూలు చేయరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. సాధారణ అభ్యర్థికి అది 750 రూపాయలు. మొదటి కొన్నేళ్లు సంపాదన తక్కువన్నది నిజమే. సీనియరు దగ్గర ఓపికగా పని నేర్చుకోవాలి. అందుకు ఇంటివారి అండ కావాలి.

ఈసారి ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున తల్లిదండ్రులు బిడ్డను, ముఖ్యంగా ఆడబిడ్డను, పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడగాలి. “అమ్మా, వకాలత్ చదువుతావా?” అని.