మన కొండలకు మనమే పరదేశులము

అర్ధ సంవత్సర పరీక్షలు ముగిసీ ముగియక ముందే మన కళాశాల వరండాలలో ప్రతి ఏటా ఒకే చర్చ మొదలవుతుంది: ఈసారి విహారయాత్ర ఎక్కడికి? ఊటీ అని కొందరు, మైసూరు అని కొందరు, గోవా అని మరి కొందరు ధైర్యవంతులు. చివరకు పెద్దలు హైదరాబాదు వద్ద రాజీ కుదురుస్తారు. రెండు రాత్రులు రైలులో, రెండు పగళ్ళు బస్సులో గడిపి, చార్మినారు ముందు ఫొటో దిగి, నిద్రలేని కళ్ళతో తిరిగివస్తాము. దీనిని మేము తప్పు పట్టడము లేదు. గోలకొండను, సాలార్‌జంగు మ్యూజియమును చూడని విద్యార్థికి ఆ లోటు లోటే. అయితే గరివిడి స్టేషనులో ప్యాసింజరు ఎక్కి విజయనగరము దాటి కొత్తవలస చేరితే, అక్కడ నుండి కొండలలోకి చీలిపోయే మరొక రైలుదారి ఉన్నదన్న సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? తెలిసినవారిలోనైనా ఆ దారిన పోయి ఒక రాత్రి అక్కడ నిలిచినవారు ఎందరు?

ఈ సంవత్సరము కళాశాల యాత్ర అనంతగిరి, బొర్రా, అరకు ప్రాంతములకు సాగవలెననీ, అది ఒకనాటి షికారుగా కాక మూడు రాత్రుల ప్రయాణముగా ఉండవలెననీ, దారి చూపేవారు ఆ కొండలలో పుట్టినవారే అయి ఉండవలెననీ మా అభిప్రాయము. ఈ మూడింటిలో చివరిదే ముఖ్యమైనది. అందుకే దానిని గురించి కొంచెము విస్తరించి వ్రాస్తున్నాము.

అరకు చూడనిదెవరు అని కొందరు మిత్రులు నవ్వవచ్చును. విశాఖలో తెల్లవారగనే రైలెక్కించి, రాత్రికి బస్సులో తిరిగి దింపివేసే ఒకరోజు ప్యాకేజీలకు కొదవ లేదు. 2017 నుండి అద్దాల పెట్టె కూడ వచ్చినది. అటువంటి ప్యాకేజీ ఒకదానిలో మేమును వెళ్ళియున్నాము. మైకు పట్టుకొన్న యువకుడు దారి పొడుగునా సినిమా పాటలు పెట్టి, సొరంగము వచ్చినప్పుడెల్ల అందరిచేత కేకలు వేయించినాడు. అవి ఎన్ని సొరంగములని అడిగితే చెప్పినాడు గాని, ఎందుకు త్రవ్వినారని అడిగితే చెప్పలేకపోయినాడు. ఆ యువకునిది దోషము కాదు. అతనికి అప్పగించిన పని అదియే. కాని డబ్బు ఇచ్చి, ఒక దినము వెచ్చించి, మనము పొందినది ఏమిటి?

ఆ కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము మన కొరకు వేసినది కాదు. బస్తరులోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు దింపి జపానుకు ఎగుమతి చేయుటకు 1960ల దశకములో దానిని నిర్మించినారు. 58 సొరంగములు ఈ దారిలో ఉన్నవి. బొడ్డవర దాటిన తరువాత రైలు ఎక్కుతూ ఎక్కుతూ సుమారు 996 మీటర్ల ఎత్తున గల శిమిలిగుడ చేరుతుంది. దేశములోని బ్రాడ్‌గేజి స్టేషనులలోకెల్ల ఎత్తైనదిగా ఆ చిన్న స్టేషనుకు చాలకాలము పేరుండినది. ఎదురుగా ఖనిజముతో నిండిన గూడ్సు బండ్లు దిగివస్తూనే ఉంటవి. వాటికి దారి ఇచ్చుటకు మన ప్యాసింజరు ఆగినప్పుడు విసుగుకొనే ప్రయాణికునికి, తానే ఆ దారిలో అతిథినని తెలియదు. ఇది చెప్పగలవాడే గైడు అని మా ఉద్దేశము.

బొర్రా గుహల సంగతి చూడండి. 1807లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన ఒక ఇంగ్లీషు దొర వాటిని ‘కనుగొన్నాడు’ అని గైడులు చెప్పుతారు, కరపత్రములు అచ్చువేస్తవి, మన విద్యార్థులు నోటుపుస్తకములలో వ్రాసుకొంటారు. ఆ శాఖ స్థాపించబడినది 1851లో. శాఖ పుట్టుటకు 44 సంవత్సరములు ముందే దాని ఉద్యోగి గుహలో ఎట్లు దిగినాడో ఎవరూ అడుగరు! అక్కడి గిరిజనులు చెప్పుకొనే కథ వేరు. మేతకు పోయిన ఆవు గుహ పైకప్పునందలి రంధ్రములో నుండి క్రిందపడగా, దానిని వెదకుచు పోయిన కాపరి గుహను చూచినాడట. గుహలో ఊరి ప్రవహించే గోస్తని పేరునకు కూడ ఆ ఆవునే కారణముగా చెప్పుతారు. ఇది చరిత్ర కాదు, ఐతిహ్యము; ఆ మాట నిజమే. కాని ఆ ఐతిహ్యములో గుహను ఎరిగినవారు ఆ కొండవారే. తారీఖు పొసగని కథ పాఠమై, వారి కథ వినోదమైనది. ఆ గోస్తనియే కొండలు దిగి భీమునిపట్నము వద్ద సముద్రములో కలుస్తుంది. భీమిలి బీచిలో ఆడుకొన్న మన పిల్లలు ఆ నీటిని ఎరుగుదురు గాని, అది ఎక్కడ పుట్టినదో ఎరుగరు.

అంతకంటె పెద్ద విషయము మరొకటి ఉన్నది. ఆ గుహల చుట్టుప్రక్కల గ్రామములలో కాల్సైటు వంటి ఖనిజముల కొరకు ప్రయివేటు వారికి ఇచ్చిన లీజులపై గిరిజనుల పక్షమున ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానములకు వెళ్ళినది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను, 1970లో వాటికి జరిగిన సవరణను ఆధారము చేసుకొని, షెడ్యూలు ప్రాంతములలో ప్రభుత్వ భూమిని సైతము గిరిజనేతరులకు గనుల లీజుకు ఇచ్చుట చెల్లదని ఆ తీర్పు సారాంశము. ముగ్గురు న్యాయమూర్తులలో ఒకరు భిన్నాభిప్రాయము వ్రాసినారు. దేశములోని న్యాయకళాశాలలన్నింటిలో ‘సమత తీర్పు’ చదువుతారు. ఆ తీర్పునకు కారణమైన ఊళ్ళ మీదుగా పోతూ మన రాజనీతిశాస్త్ర విద్యార్థులు వేరుశెనగలు తింటూ కిటికీలోనుండి చూస్తారు. రాజ్యాంగములోని ఐదవ షెడ్యూలును తరగతి గదిలో నలభై నిమిషములు బోధించినదానికంటె, ఆ గ్రామములోని పెద్ద ఒకరు తన భూమి మీద నిలబడి పది నిమిషములు చెప్పినది పిల్లల మనస్సులో ఎక్కువకాలము నిలుస్తుందని మా నమ్మకము.

స్థానికుడే గైడు కావలెనన్న మాట మేము క్రొత్తగా కల్పించినది కాదు. ఆస్ట్రేలియా నడిగడ్డన ‘ఔట్‌బ్యాక్’ అనే విశాలమైన ఎడారి ప్రాంతమున్నది. ఆలిస్ స్ప్రింగ్స్ అనే పట్టణము నుండి సుమారు 450 కిలోమీటర్లు ఎర్రమట్టి నేలలో ప్రయాణించి, రాత్రులు ఆరుబయట పరుపు చుట్టలలో నిద్రించి, ఉలూరు అనే మహాశిలను చూచి వచ్చే మూడు నాలుగు రోజుల యాత్రలు అక్కడ ప్రసిద్ధములు. అనంగు అనే ఆదివాసులకు ఆ శిల పవిత్రమైనది. దశాబ్దముల తరబడి యాత్రికులు దానిపైకి గొలుసు పట్టుకొని ఎక్కి, ఫొటోలు దిగి, దిగివచ్చేవారు. 1985 అక్టోబరు 26న ప్రభుత్వము ఆ భూమిని అనంగులకు తిరిగి అప్పగించినది. వారు దానిని జాతీయ వనముగా నడుపుటకు 99 సంవత్సరముల లీజుకు ఇచ్చినారు. ఎక్కవద్దని వారు యాత్రికులను ఏళ్ళ తరబడి మర్యాదగా కోరినారు. చివరకు 2019 అక్టోబరు 26న ఎక్కుట పూర్తిగా నిషేధించబడినది. ఇప్పుడు యాత్రికులు శిల చుట్టూ నడుస్తారు. అనంగులు చెప్పినంత వింటారు. చెప్పగూడనివి వారు చెప్పరు, వినేవారు అడుగరు.

ఆ ఎడారికి మన ఉపఖండముతో సంబంధమున్నదని తెలిసి మాకు ఆశ్చర్యము కలిగినది. 1860లో బర్క్, విల్స్ అనువారి అన్వేషణ యాత్ర కొరకు ఒంటెలను, వాటిని నడిపేవారిని ఈ వైపు నుండే ఓడలో తీసుకొనిపోయినారు. తరువాత బెలూచిస్తాను, పెషావరు, సింధు, పంజాబు ప్రాంతముల నుండి ఎందరో పోయినారు. అందరికీ కలిపి ‘ఆఫ్ఘనులు’ అని పేరు పెట్టినారు. టెలిగ్రాఫు స్తంభములు, పిండి మూటలు, ఉన్ని బేళ్ళు ఆ ఎడారిలో కదలినది వారి ఒంటెల వీపుల మీదనే. దారి తెలిసినవాడు, బరువు మోసినవాడు చరిత్రలో పేరు లేకుండ పోవుట అక్కడా జరిగినది. ఇప్పుడు ఆ దేశమును దక్షిణము నుండి ఉత్తరమునకు దాటే ‘ఘాన్’ అనే రైలుబండి పేరులో మాత్రము వారి జ్ఞాపకము మిగిలినది.

అంత దూరము పోనక్కరలేదు. కొండవారి వద్దకు ఎట్లు పోవలెనో మన ప్రాంతమున పుట్టిన మహనీయుడొకడు ఎప్పుడో చూపించినాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళము దాపున పర్వతాలపేటలో జన్మించినారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సంతకు వచ్చే సవరల మాట విని, ఆ భాష నేర్చుకొనవలెనని పట్టుబట్టినారు. సవర భాష తెలిసినవానిని ఇంట నిలుపుకొని నేర్చినారు. మన్యములో తిరిగి జ్వరముల పాలైనారు. క్వినైను మ్రింగి మ్రింగి వినికిడి పోగొట్టుకొన్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే పుస్తకములు వ్రాసి బడులు పెట్టించినారు. వారి సవర భాషా బోధిని 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా వారి జన్మదినమును ప్రతి ఆగస్టు 29న తెలుగు శాఖ వారము ఘనముగా జరుపుతున్నాము. సవర మాట ఒక్కటి కూడ మనకెవరికీ రాదు. పూలదండకు మాత్రము లోటు రానీయము.

మూడు రాత్రులలో భాష వచ్చునా అని అడుగవచ్చును. రాదు. కాని అరకు సంతలో ఆదివాసీ ఒరియా, కువి, తెలుగు ఒకదాని మీద ఒకటి వినబడినప్పుడు, ‘మన్యము’ అన్న ఒక్క మాటతో మనము కట్టివేసిన మూటలో ఎన్ని జాతులున్నవో తెలుస్తుంది. భగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోర్జాలు, ఖోండులు, గదబలు వేరు వేరు జనులు. ‘ఏజెన్సీవాళ్ళు’ అని ఒక్కమాటగా అనే అలవాటు మన విద్యార్థులకు అక్కడ పోగలదు.

విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇందులో ఏమున్నదని అనుకొనవలదు. గరివిడి వారికి రాళ్ళను గురించి చెప్పవలసి వచ్చుట విచిత్రము. మాంగనీసు గనులు, ఫెర్రో అల్లాయిస్ కర్మాగారము మన ఊరి పేరును దేశమునకు తెలిపినవి. మన పరిసరములలోని కోడూరు పేరు మీద ‘కోడురైటు’ అని ఒక శిలకు పేరు పెట్టిన శాస్త్రవేత్త ఎల్. ఎల్. ఫెర్మరు. ఖోండుల పేరు మీద మరొక శిలకు ‘ఖోండలైటు’ అని 1902లో పేరు పెట్టినవాడు టి. ఎల్. వాకరు. కొండలలో రైలుదారి కొరకు కోసిన గోడలలో కనబడే ఎర్రని చారల రాయి చాలవరకు ఆ ఖోండలైటే. కోణార్క ఆలయమునకు వాడిన రాయియు అదియే. మన ఊరికీ ఆ కొండవారికీ పేర్లు ఒకే శాస్త్రగ్రంథములో ప్రక్కప్రక్కన ఉన్నవి. మనము మాత్రము ఒకరినొకరము ఎరుగము.

యాత్రికుని నడవడికను గురించి కూడ ఒక మాట. శీతకాలపు ఆరంభములో అరకులోయ అంతా వలిసె పూలతో పచ్చగా ఉంటుంది. అవి అలంకారమునకు వేసిన పూలు కావు, నూనెగింజల పంట. ఫొటో కొరకు పైరులోకి దిగిన ప్రతి పాదము కొన్ని గింజలను నేలపాలు చేస్తుంది. కొందరు రైతులు ఇప్పుడు లోపలికి దిగుటకు రుసుము తీసుకొంటున్నారు. దానిని దోపిడి అని ఒక విద్యార్థి మాతో అన్నాడు. అతని తండ్రి చేనులో నలభై మంది దిగితే ఏమనునో! థింసా నృత్యము విషయములోను ఇంతే. డబ్బు తీసుకొని ఆడుట చిన్నతనమని మేము అనుకొనము. కళ మీద బ్రతుకుట గౌరవమే. ఆడుచున్నవారి మధ్య దూరి, చేతులు పట్టిలాగి, సెల్‌ఫోను వారి ముఖము మీద పెట్టుటయే చిన్నతనము.

ఇక కమిటీ పెద్దలకు ఉండే సందేహములు. మొదటిది, అసలైనది, విద్యార్థినుల విషయము. యాత్రకు పేరు ఇచ్చిన ఆడపిల్లలలో చాలమంది చివరి వారములో విరమించుకొనుట మేము ప్రతి ఏటా చూస్తున్నాము. తండ్రులను నిందించి లాభము లేదు. మైసూరు దూరము, రాత్రి రైళ్ళు, తెలియని ఊరు. వారి భయము వట్టిది కాదు. కాని అరకు మనకు ఎంత దూరము? అవసరమైతే తండ్రి ఉదయము బయలుదేరి సాయంకాలములోపల బిడ్డను చేరగలడు. ఇద్దరు అధ్యాపకురాండ్రు, తల్లులలో ఇద్దరు ముగ్గురు వెంట ఉండి, బస వేరుగా ఏర్పాటు చేసినచో, ఇంతవరకు ఊరు దాటని అమ్మాయిలు కూడ రాగలరు. మగపిల్లలు మాత్రమే చూచి వచ్చి చెప్పితే వినే చదువు వారికి ఇక చాలును. దగ్గరి యాత్రను కోరుటకు మాకు ఇదియే బలమైన కారణము. పైన వ్రాసినవన్నీ దీని తరువాతివే.

భోజనము సంగతి చిన్నది. వెదురు బొంగులో వండిన కోడి అరకులో ప్రసిద్ధము, ఆశ పుట్టించునది కూడ. జబీహా విషయమున మన పిల్లలకు సందేహము సహజము. మన వంటవానిని, మన కోళ్ళను వెంట తీసుకొనిపోయి, బొంగు మాత్రము వారి వద్ద కొని, వండే విధము వారిచేతనే చెప్పించుకొంటే సరిపోతుంది. ఖర్చు విషయములో మైసూరుతో పోలికే లేదు. మిగిలిన దానిలో కొంత గైడులకు ముందుగానే మాట్లాడుకొని ఇవ్వవలెను. సాయంకాలము చేతిలో పెట్టే బక్షీసుగా కాక, ఉపన్యాసకునికి ఇచ్చే పారితోషికము వలె రసీదుతో ఇవ్వవలెనని మా సూచన.

వలిసె పూత డిసెంబరు దాటి నిలువదు. చలి పెరిగిన తరువాత బసలు దొరుకుట కష్టము. ఊళ్ళ పెద్దలతో మాట్లాడి అనుమతి తీసుకొనుటకు మనలో ఇద్దరు ముందుగా ఒకసారి వెళ్ళిరావలసి ఉంటుంది. కనుక ఈ విషయము సెప్టెంబరు సమావేశపు ఎజెండాలోనే చేర్చవలసినదిగా కమిటీ వారిని కోరుతున్నాము.