కార్యాలయమునకు మరల రమ్మన్నచో

2020 మార్చిలో లాక్‌డౌన్ విధింపబడగా, మాదాపురపు అద్దాల మేడలను విడిచి భీమవరమునకో నల్లగొండకో చేరి, పెరటి గదిలో కుర్చీ వేసికొని, కరెంటు పోయినను ఫోను హాట్‌స్పాటుతో అమెరికా క్లయింట్ల పని ఆగనీయక నడిపిన ఉద్యోగులను, వారమునకు ఐదు దినములును ఆఫీసునకు రావలసినదేయని శాసించుట న్యాయముగా తోచదు. టీసీఎస్ 2023 అక్టోబరు నుండి ఈ నియమమునే పెట్టినది. క్రొత్తగా చేరినవారు అనుభవజ్ఞుల ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుట అవసరమే. దానిని నేను కాదనను. కాని రాయదుర్గము మెట్రోలో నిలుచుండియే వచ్చి, గేటు కడ కార్డు తాకించి, హెడ్‌ఫోను తగిలించుకొని బెంగళూరులోని సహోద్యోగితో తెరమీదనే మాటలాడవలసినచో ఆ ప్రయాణమేల? రావలసిన దినములను ఆయా జట్లకే విడిచిపెట్టి, ఊరినుండి కాపురము మార్చువారికి వేసవి సెలవులవరకైనను గడువీయవలెను; పిల్లలను నడుమ బడి మాన్పింపలేరు గదా.