పేటలు లేని ఊరి చరిత్ర

భీమడోలు గురించి ఎవరైనా రాస్తే ఎలా మొదలెడతారో మనకు తెలుసు. ఏలూరు - తాడేపల్లిగూడెం నడుమ జాతీయ రహదారి, రైలు స్టేషను, ద్వారకా తిరుమలకు పోయే అడ్డరోడ్డు, పచ్చని వరిచేలు, దిగువన కొల్లేరు. ఇంకాస్త చదువుకున్నాయనైతే పెదవేగి నుంచి వేంగి రాజుల్ని పట్టుకొస్తాడు. రెండో పులకేశి యుద్ధంలో కునాల నీళ్లు ఎర్రబడ్డాయని 634 నాటి ఐహోళె శాసనం చెబుతోందనీ, ఆ కునాలే మన కొల్లేరనీ అంటాడు. సరే, రాజుల నెత్తురు లెక్కకొచ్చింది. కాలవ తవ్వినవాడి పేరు ఏ రాతి మీద ఉంది?

రెండొందల ఏళ్ల కిందట మెకంజీ దొర ఊళ్ల చరిత్రలు పోగేశాడు. వాటినే కైఫీయత్తులంటారు. దొరకు కావలసిన సంగతులు చాలామటుకు కరణాల దగ్గర్నుంచే వచ్చాయి. వాళ్లకు కనపడిందల్లా అగ్రహారం, గుడి మాన్యం, రాజుల వంశావళి. వెట్టి చేసిన మాల, మోటబాన కుట్టిన మాదిగ చరిత్రకు పనికొస్తారని వాళ్లకు తోచలేదు. 1984లో కరణీకం పోయింది. కరణం చూపు మాత్రం ఇంకా పోలేదు.

అందుకే ఈ ప్రాంతాన్ని మేం రాజుల లెక్కన కాక నీళ్ల లెక్కన చదువుతాం. పైన మెట్ట, ఎర్రనేల. నడుమ ఏలూరు కాలవ. కాలవ కింద సార్వా, దాళ్వా పండే మాగాణి. దాని దిగువన డ్రైన్లు. ఆ డ్రైన్లు పోయి కలిసే చోట ఆగడాలలంక, చెట్టున్నపాడు లాంటి కొల్లేటి ఊళ్లు. ఒక్క మండలంలో మూడు రకాల నేల. మూడు చోట్లా మనవాళ్లున్నారు. మెట్టలో నీళ్లు లేక ఏడుస్తాం, పల్లంలో నీళ్లెక్కువై ఏడుస్తాం. నడుమనున్న మాగాణిలో మాత్రం ఊడ్పులకీ కోతలకీ తప్ప మనకు పనేమిటి?

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కరువు నేల అన్నం గిన్నె అయ్యిందంటారు. కాటన్ దొర మీద మాకేం కోపం లేదు. అయితే కాలవ నీళ్లు పట్టా ఉన్న చేలోకి పారాయి. పట్టా ఉన్నవాడు మోతుబరి అయ్యాడు. లేనివాడు అదే చేలో పాలేరయ్యాడు. ఎకరం ధర పెరిగే కొద్దీ పాలేరుకు ఆ ఎకరం ఇంకా దూరమైంది. డెల్టా చరిత్ర అంటే ఇదే. మిగతాదంతా గుడి గోపురాల వర్ణన.

కొల్లేటి దగ్గర ఈ కథ మళ్లీ జరిగింది, ఈసారి మన కళ్ల ముందే. 1976లో చేపల చెరువుల కోసం వడ్డి కులస్తులకూ దళితులకూ సహకార సంఘాలు పెట్టించారు. కాగితం మీద చెరువు మనది. పెట్టుబడి ఎవరిది? పిల్లకు, మేతకు, గట్టుకు డబ్బు లేనివాడు లీజుకిచ్చాడు. లీజుకు తీసుకున్నాయన చెరువు పక్కన చెరువు తవ్వుకుంటూ పోయాడు. సంఘం సభ్యుడేమో తన చెరువు మీదే కాపలావాడు, తవుడు బస్తాలు మోసే కూలీ అయ్యాడు.

తర్వాత పక్షులొచ్చాయి. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే 77 వేల ఎకరాల పైచిలుకు, అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకెక్కింది. 2006లో పొక్లెయిన్లు వచ్చి గట్లు కొట్టేశాయి. కొల్లేరు బతకాలి, అందులో మాకు రెండో మాట లేదు. కొల్లేరు పూడితే ముందు మునిగేది పల్లంలో ఉన్న పేటలే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటి ఊళ్ల మీదకొచ్చినప్పుడు మళ్లీ చూశాం. మా తగువల్లా ఒకటే. కాంటూరును అడుగుల్లెక్కన కొలిచిన సర్కారు, డి-ఫారం పట్టా ఉన్నవాడెవడు, వాడి పేరున చెరువు చేసుకున్నవాడెవడు అని ఎందుకు కొలవలేదు? పెట్టుబడిదారు ఇంకో ఊళ్లో చెరువు తవ్వుకోగలడు. కాపలావాడు ఎక్కడ తవ్వుకుంటాడు?

చట్టం లేక కాదు. పేదలకిచ్చిన భూమి అమ్మినా కొన్నా చెల్లదని 1977 చట్టం చెప్పింది. 2023లో దాన్ని సవరించి, ఇరవై ఏళ్లు దాటిన అసైన్డు భూములకు పూర్తి హక్కులన్నారు. ఎవరికి హక్కు? కాగితంలో మనవాడే ఉన్నాడు. మరి దున్నేది మనవాడేనా? కౌలు సంగతీ అంతే. 2019 చట్టం కింద కార్డు రావాలంటే ఆసామి సంతకం పెట్టాలి. సంతకం ఎందుకు పెడతాడు? ఇదే పాత పశ్చిమగోదావరి జిల్లాలోని గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం నిలబెట్టినందుకు మనవాళ్లను వెలేశారు. పనీ పోయింది, కౌలూ పోయింది. ఆసామి సంతకమంటే ఏమిటో గరగపర్రు వాళ్లనడగండి.

కాబట్టి ఊరి చరిత్ర మనమే రాద్దాం. భీమడోలు, గుండుగొలను, పూళ్ల, పొలసానిపల్లి, కొల్లేటి లంకలు - ఏ పేటలో ఉన్నవాళ్లయినా సరే. ట్రంకుపెట్టె అడుగున ఉన్న పాత పట్టా తీయండి, సంఘం వాటా రసీదులుంటే తీయండి. లేకపోతే సమాచార హక్కు చట్టం కింద తహశీల్దారు కచేరీలో నకలు అడగండి. ఊరి పేరు, సర్వే నంబరు, పట్టా వచ్చిన ఏడాది, ఇప్పుడు దున్నుతున్నదెవరు - ఈ నాలుగూ రాసి మాకు పంపండి. పట్టాదారు చనిపోతే వారసులెవరో కూడా రాయండి. రాత రాని పెద్దలుంటే బడికెళ్లే పిల్లల చేత రాయించండి. వచ్చినవి వచ్చినట్టు, ఊరి వారీగా, పై సంచిక నుంచి వేస్తాం.