మిద్దెమీది నీరు

మైలవరమున మామిడి కోతలు ముగియు వేళకు బడులు తెరతురు. గదులు ఊడ్తురు, బల్లలు తుడుతురు. మిద్దెమీది నీటి ట్యాంకు మాట మాత్రము ఎవరికిని తట్టదు. ప్రధానోపాధ్యాయుడనై యున్న నాళ్లలో నేనును మరచినవాడనే. ఒక యేడు ట్యాంకులోనికి దిగిన బంట్రోతు, అడుగున బెత్తెడు మడ్డి కలదని చెప్పగా సిగ్గుపడితిని.

బాలబాలికలారా! నీరు త్రాగుటకు తగునా యని మాత్రమే మనము విచారింతుము. కలరా, టైఫాయిడు నోటి ద్వారా వచ్చునని చిన్ననాడే నేర్చితిమి. నీటినుండి ఊపిరితిత్తులకును కీడు కలుగునని పెద్దలలో ననేకు లెరుగరు.

1976 జూలైలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, బెలెవ్యూ-స్ట్రాట్‌ఫర్డ్ అను హోటలునందు అమెరికన్ లీజియన్ అను మాజీ సైనికుల సంఘము సభ జరిపెను. ఇండ్లకు మరలిన వారిలో పలువురికి తీవ్రజ్వరము, దగ్గు, ఆయాసము కలిగెను. సుమారు 30 మంది మరణించిరి. కారణ మేమో వైద్యులకు తోచలేదు. విషవాయువని కొందరు శంకించిరి. తుదకు 1977 జనవరిలో జోసెఫ్ మెక్‌డేడ్ అను శాస్త్రజ్ఞుడు ఆ రోగమునకు మూలమైన సూక్ష్మక్రిమిని కనుగొనెను. సంఘము పేరునుబట్టి దానికి లీజియోనెల్లా అని పేరిడిరి.

ఈ క్రిమి యేరులలోను చెరువులలోను కొద్దిగా నుండనే యుండును. అచట దానివలన భయము స్వల్పము. కట్టడముల గొట్టములలో కదలక నిలిచిన నీటియందు, పాచి, త్రుప్పు, మడ్డి పట్టినచోట, 25 మొదలు 45 డిగ్రీల వెచ్చదనమున అది వేగముగా పెరుగును. మన వేసవిలో మిద్దెమీది నీ రెంత వెచ్చనగునో మీకు చెప్పవలెనా? 60 డిగ్రీల వేడిలో మాత్రము అది నిలువజాలదు. షవరు జల్లునుండియు, పెద్ద భవనముల శీతల యంత్రములనుండియు లేచు సన్నని తుంపరలతో అది ఊపిరిలోనికి పోవును. సాధారణముగా ఒకరినుండి మరియొకరి కంటదు. వృద్ధులకు, పొగత్రాగువారికి, బలహీనులకు ప్రమాద మెక్కువ, పిల్లలకు అరుదు. పెన్సిలిన్ దీనిపై పనిచేయదు.

మన ఊళ్లలో విరేచనములే పెద్ద బాధ గదా, ఈ క్రొత్త చింత యేల యని కొంద రందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని ట్యాంకు కడుగు చీపురు రెండింటికి నొకటియే. ఆసుపత్రులు, వృద్ధాశ్రమములు, సెలవులలో మూసియుంచు వసతిగృహములు ఈ పనిని ముందుగా చేయవలెనని నా అభిప్రాయము. మూత బిగింపవలెను, వాడని గొట్టపు కొసలు తీసివేయవలెను, తెరచు దినమునకు ముందు ప్రతి కుళాయిని తుంపర లేవకుండ మెల్లగా విప్పి, నిలువ నీటిని పోనీయవలెను. ఒకపూట పని.

నా కడపటి యేండ్లలో ట్యాంకు కడిగిన తేదీని గోడపై సున్నముతో వ్రాయించెడివాడను. పిల్లలు దానిని చూచి నవ్వుకొనెడివారు. నవ్విననేమి, తేదీ మారని యేడు వారే వచ్చి నాతో చెప్పిరి.